వదిలించుకున్నా వదలని లెక్క: ఎక్‌మన్ లార్సన్ ఒప్పందం రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో నేను రివ్యూ చేయబోతున్నది ఒక జీతపు ఒప్పందాన్ని. 2018 జూలైలో ఆరిజోనా కయోటీస్ అనే మంచు హాకీ జట్టు, స్వీడన్‌కు చెందిన తన డిఫెన్స్‌మన్ ఆలివర్ ఎక్‌మన్ లార్సన్‌తో ఎనిమిదేళ్లకు 6.6 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. అది 2019-20 సీజన్‌లో మొదలై 2026-27తో ముగియాలి. ఆ గడువు తీరకముందే అతను మరో మూడు జట్లకు ఆడాడు, లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ కూడా గెలిచాడు. అతన్ని డబ్బిచ్చి పంపించివేసిన వాంకూవర్ కనక్స్ ఖాతాలో మాత్రం అతని పేరు 2030-31 సీజన్ వరకు కనిపిస్తూనే ఉంటుంది. వయసు మీదపడి ఆట తగ్గి, జీతం మాత్రం తగ్గని డిఫెన్స్‌మన్ ఉన్నప్పుడు జట్టు ఏం చేయాలన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి పాఠ్యాంశం నాకు కనిపించలేదు.

హాకీ అనగానే మనకు గుర్తుకొచ్చేది పచ్చిక మీద ఆడే ఆట. నేను చెబుతున్నది మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడే ఆట గురించి, అమెరికా, కెనడా నగరాల జట్లు తలపడే ఎన్‌హెచ్‌ఎల్ గురించి. ఐపీఎల్‌ను చూసే తెలుగు ప్రేక్షకులకు ఒక తేడా ముందే చెప్పాలి. సన్‌రైజర్స్ హైదరాబాద్ 2021 సీజన్ తర్వాత డేవిడ్ వార్నర్‌ను వదిలేసినప్పుడు, అతని ధర తర్వాతి ఏడాది జట్టు లెక్కలోకి రాలేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అలా కుదరదు. ఒప్పందంలో రాసిన ఏళ్లన్నిటికీ జట్టు బాధ్యత వహించాలి, పైగా ప్రతి జట్టూ ఆటగాళ్ల జీతాల మొత్తాన్ని శాలరీ క్యాప్ అనే పరిమితికి లోబడే ఉంచుకోవాలి. కాబట్టి ఒక ఆటగాడికి ఎక్కువ ఇచ్చామంటే ఆ మేరకు మరొకరిని తీసుకునే వీలు పోయిందన్న మాట. యజమాని ఎంత కోటీశ్వరుడైనా ఇక్కడ అతని డబ్బు పనికిరాదు.

ఎక్‌మన్ లార్సన్ మొదటి నుంచీ గుదిబండ కాదన్నది మరిచిపోకూడదు. కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2009లో ఆరో స్థానంలో ఎంపికైన అతను 2014-15లో 23 గోల్స్, ఆ మరుసటి సీజన్‌లో 21 గోల్స్ కొట్టాడు. డిఫెన్స్‌మన్‌కు ఇవి చాలా పెద్ద అంకెలు. 2018లో అతను జట్టు కెప్టెన్ అయ్యాడు. కొత్త ఒప్పందం ప్రకారం ఏడాదికి సగటున 82.5 లక్షల డాలర్లు అతని పేరు మీద క్యాప్ లెక్కలో పడతాయి; అతని అనుమతి లేకుండా ఎక్కడికీ పంపకూడదన్న నిబంధన కూడా అందులో ఉంది. ఒప్పందం మొదలైన ఏడాది క్యాప్ 8.15 కోట్ల డాలర్లు, అంటే జట్టు మొత్తం పరిమితిలో పదో వంతు ఒక్కడికే. ఏటా క్యాప్ పెరుగుతుంది, అతని వాటా దానంతట అదే చిన్నదవుతుందన్నది ఇలాంటి ఒప్పందాలు రాసేవాళ్లందరి ఆశ. కరోనా వచ్చి క్యాప్ వరుసగా మూడు సీజన్ల పాటు అదే 8.15 కోట్ల దగ్గర ఆగిపోయింది. అతని ఆట తగ్గుతున్న కాలమూ, క్యాప్ పెరగని కాలమూ ఒకటే కావడం అతని తప్పు కాదు, నిజానికి ఒప్పందం రాసినవారి తప్పు కూడా పూర్తిగా కాదు.

ఆట తగ్గడం అంటే ఏమిటో కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే ఏం చేయాలన్న నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఫార్వర్డ్ ఆటగాడికి కాళ్ల వేగం తగ్గినా నెట్ ముందు నిలబడి నాలుగు గోల్స్ తెచ్చుకోవచ్చు. డిఫెన్స్‌మన్ పని వెనక్కి స్కేటింగ్ చేస్తూ, ఎదురుగా దూసుకొచ్చే ఫార్వర్డ్‌కూ తనకూ మధ్య దూరాన్ని అదుపులో ఉంచుకోవడం, సరైన క్షణంలో గిరుక్కున తిరగడం. తిరగడంలో వేగం తగ్గిందని ఒకసారి తెలిసిన డిఫెన్స్‌మన్ భయంతో ముందుగానే వెనక్కి తగ్గుతాడు; అలా తగ్గగానే బ్లూ లైన్ (తన జట్టు రక్షణ ప్రాంతపు సరిహద్దు గీత) దగ్గర ప్రత్యర్థికి దారి దొరుకుతుంది. ఇక తన మూలలో పడిన పక్‌ను, అంటే బంతికి బదులు వాడే రబ్బరు బిళ్లను తీయడానికి వెళ్లినప్పుడు, వెనకాల తరుముకొచ్చే ఆటగాడికంటే ముందు చేరి, తలెత్తి చూసి పాస్ ఇవ్వడానికి అరక్షణం కావాలి, వయసు మొదట లాక్కునేది ఆ అరక్షణాన్నే. చూపు, చేతి నైపుణ్యం, పాస్ ఇచ్చే తెలివి ఇంకా చాలా ఏళ్లు మిగిలే ఉంటాయి. అంటే అతనికి ఆట రాకుండా పోలేదు, ప్రత్యర్థి జట్టులో అత్యంత వేగవంతుల మీద మ్యాచ్‌కు ఇరవై రెండు నిమిషాలు ఆడే శక్తి మాత్రమే పోయింది.

ఇప్పుడు 2021 జూలై 23కు వద్దాం. ఆ రోజు వాంకూవర్ జనరల్ మేనేజర్ జిమ్ బెనింగ్ ఎక్‌మన్ లార్సన్‌ను, ఫార్వర్డ్ కానర్ గార్లండ్‌ను తీసుకుని, బదులుగా ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో తొమ్మిదో స్థానాన్ని, 2022 రెండో రౌండ్, 2023 ఏడో రౌండ్ ఎంపికలను, వాటితో పాటు లూయీ ఎరిక్సన్, జే బీగల్, ఆంత్వాన్ రూసెల్ అనే ముగ్గురు ఆటగాళ్లను ఆరిజోనాకు ఇచ్చేశాడు. ఆ ముగ్గురి పేరు మీద క్యాప్ లెక్కలో పడేది కలిపి 1.2 కోట్ల డాలర్లు, ముగ్గురికీ ఆట దాదాపు అయిపోయింది, కానీ ముగ్గురి ఒప్పందాల్లోనూ మిగిలింది ఒక్క ఏడాదే. పన్నెండు నెలలు ఓపిక పడితే ఆ భారం పైసా ఖర్చు లేకుండా దిగిపోయేది. దాన్ని ఆ రోజే దించుకోవాలన్న తొందరలో, ఆరు సీజన్లు మిగిలిన ముప్ఫై ఏళ్ల డిఫెన్స్‌మన్‌ను భుజాన వేసుకున్నారు. ఆరిజోనా అతని జీతంలో 12 శాతం తానే భరిస్తానంది కాబట్టి వాంకూవర్‌కు పడింది ఏటా 72.6 లక్షలు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అన్న మాట ఈ ట్రేడ్ కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ఆ తొమ్మిదో స్థానంలో ఆరిజోనా ఎంచుకున్న డిలన్ గెంథర్ ఇప్పుడు, ఆరిజోనా ఆటగాళ్లు తరలివెళ్లిన యూటా జట్టులో ప్రధాన స్కోరర్లలో ఒకడు. గార్లండ్ ఉపయోగపడే ఆటగాడని తేలడం ఒక్కటే ఇందులో వాంకూవర్‌కు ఊరట, అందుకని ఈ ట్రేడ్‌కు నేను పదికి రెండు మార్కులు ఇస్తున్నాను, ఆ రెండూ గార్లండ్‌వే.

జీతం కంటే పెద్ద పొరపాటు అతన్ని వాడుకున్న తీరులో జరిగిందని నా అభిప్రాయం. ఎక్‌మన్ లార్సన్ పేరు తెచ్చుకున్నది పవర్ ప్లేలో, అంటే ప్రత్యర్థి ఆటగాడు శిక్ష మీద బయట ఉన్నప్పుడు పక్‌ను తిప్పి గోల్స్ చేయించడంలో. వాంకూవర్‌లో ఆ చోటు అప్పటికే యువకుడైన క్విన్ హ్యూస్‌ది, హ్యూస్‌ను పక్కన పెట్టాలని ఎవరూ అనరు. దాంతో కొత్తగా వచ్చినవాడికి మిగిలింది టైలర్ మయర్స్‌తో జతకట్టి ప్రత్యర్థి అగ్రశ్రేణి ఫార్వర్డ్‌లను ఆపే పని, అంటే కాళ్ల వేగం తప్పనిసరిగా కావలసిన పని. మొదటి సీజన్‌లో 79 మ్యాచ్‌లు ఆడి 29 పాయింట్లతో (గోల్స్, గోల్‌కు దారితీసిన పాస్‌లు కలిపి) పరవాలేదనిపించాడు. రెండో సీజన్‌లో గాయాలతో 54 మ్యాచ్‌లకే పరిమితమై రెండు గోల్స్ చేశాడు. ఉన్న బలానికి చోటు లేక, లేని బలం మీద పరీక్ష పెడితే ఫలితం ఇంకెలా ఉంటుంది?

2023 జూన్ 16న కొత్త జనరల్ మేనేజర్ పాట్రిక్ ఆల్వీన్ అతన్ని బైఅవుట్ చేశాడు. 26 ఏళ్లు నిండిన ఆటగాడి ఒప్పందాన్ని ఇలా రద్దు చేసుకుంటే, మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులను, మిగిలిన ఏళ్లకు రెట్టింపు కాలంలో చెల్లించాలి. అతనికి నాలుగేళ్లు మిగిలి ఉన్నాయి కనుక చెల్లింపు ఎనిమిదేళ్లు. వాంకూవర్ క్యాప్ లెక్కలో పడే అంకెలు ఇవి: 2023-24లో 1.47 లక్షల డాలర్లు, 2024-25లో 23.5 లక్షలు, తర్వాతి రెండు సీజన్లలో 47.7 లక్షల చొప్పున, ఆపై 2030-31 వరకు నాలుగు సీజన్లు 21.3 లక్షల చొప్పున. మొత్తం కలిపితే 2 కోట్ల 5 లక్షలు దాటుతుంది, ఒక్క నిమిషం ఆట కూడా లేకుండా.

ఇది సరైన నిర్ణయమా? వేరే దారులేమిటో చూస్తే గానీ చెప్పలేం. ట్రేడ్ చేయాలంటే ఆటగాడు ఒప్పుకోవాలి, కొనే జట్టు దొరకాలి, జీతంలో సగం దాకా మనమే భరించే వీలున్నా నాలుగేళ్ల పాటు ఆ సగం మన ఖాతాలోనే ఉంటుంది. ఇంకో దారి అతన్ని, డిఫెన్స్‌మన్‌లను ఇద్దరిద్దరిగా ఆడించే జతల్లో ఆఖరిదైన మూడో జతలోకి దించి, నిమిషాలు తగ్గించి, ఇంకో రెండేళ్లు వేచి చూడటం. పునర్నిర్మాణంలో ఉన్న జట్టుకు నేను ఇదే చెబుతాను. కానీ వాంకూవర్‌లో హ్యూస్, ఎలియాస్ పెటర్సన్, జేటీ మిల్లర్ అందరూ మంచి వయసులో ఉన్నారు, డిఫెన్స్ ఒక్కటే బోసిగా ఉంది. మొదటి ఏడాది మిగిలిన 71 లక్షలతో కార్సన్ సూసీ, ఇయాన్ కోల్ వంటి డిఫెన్స్‌మన్‌లను తెచ్చుకునే వీలు కలిగింది. ఆ 2023-24 సీజన్‌లో జట్టు పట్టికలో 109 పాయింట్లతో పసిఫిక్ డివిజన్ గెలిచింది, హ్యూస్‌కు ఉత్తమ డిఫెన్స్‌మన్‌కిచ్చే నోరిస్ ట్రోఫీ, కోచ్ రిక్ టాకెట్‌కు ఉత్తమ కోచ్ పురస్కారం దక్కాయి. టాకెట్ ఆరిజోనాలో నాలుగేళ్ల పాటు ఎక్‌మన్ లార్సన్‌కు కోచ్‌గా ఉన్న మనిషి; అతన్ని అంత దగ్గరగా ఎరిగిన కోచ్ ఉండగానే ఈ నిర్ణయం జరిగిందన్నది గమనించదగిన విషయం. ప్లేఆఫ్స్‌లో వాంకూవర్ రెండో రౌండ్ ఏడో మ్యాచ్ వరకు వెళ్లి ఎడ్మంటన్ చేతిలో ఓడింది.

ఆ ఎడ్మంటన్‌నే ఫైనల్ ఏడో మ్యాచ్‌లో 2-1తో ఓడించి 2024 జూన్ 24న కప్ ఎత్తిన ఫ్లోరిడా పాంథర్స్ జట్టులో ఎక్‌మన్ లార్సన్ ఉన్నాడు. ఫ్లోరిడా అతనికిచ్చింది ఒక్క ఏడాదికి 22.5 లక్షలు. సీజన్ మొదట్లో ఆరన్ ఎక్‌బ్లాడ్, బ్రాండన్ మాంటూర్ గాయాలతో లేకపోవడంతో అతనికి ఎక్కువ బాధ్యత దక్కింది. వాళ్లు తిరిగొచ్చాక మూడో జతలో దిమిత్రీ కులికోవ్ పక్కన కుదురుకున్నాడు. 80 మ్యాచ్‌లలో 32 పాయింట్లు. కాళ్లు కొత్తగా మొలవలేదు. ధర మారింది, నిమిషాలు మారాయి, అతనికి చేతనైన పని అతనికి దొరికింది. ఈ చేర్పుకు పదికి తొమ్మిది. 2024 వేసవిలో టొరంటో మేపుల్ లీఫ్స్ ఇదే ఆటను చూసి ఏడాదికి 35 లక్షల చొప్పున నాలుగేళ్లు రాసిచ్చింది, అప్పటికి అతనికి 33 ఏళ్లు నిండబోతున్నాయి. ఏడాది చొప్పున కొనాల్సిన వస్తువును మళ్లీ నాలుగేళ్లకు కొనడం నాకు నచ్చలేదు.

బైఅవుట్ రుచి ఎలా ఉంటుందో మిన్నెసోటా వైల్డ్‌కు ఇంకా బాగా తెలుసు. 2012లో పదమూడేళ్లకు 9.8 కోట్ల చొప్పున తీసుకున్న రయన్ సూటర్, జాక్ పరీసేలను 2021లో ఒకేసారి పంపించివేసిన ఆ జట్టు, 2023-24, 2024-25 సీజన్లలో 1.47 కోట్ల డాలర్ల చొప్పున ఆడని మనుషుల మీద లెక్క రాసుకుంది. సూటర్‌ను నాలుగేళ్లకు తీసుకున్న డాలస్ కూడా 2024లో అతన్ని బైఅవుట్ చేయడం ఈ కథలో చేదు హాస్యం. దీనికి భిన్నంగా శాన్ హోసే షార్క్స్, ఏటా 70 లక్షల మార్క్ ఎడ్వర్డ్ వ్లాసిక్ ఒప్పందాన్ని ఏళ్ల తరబడి మోసి, ఒక్క ఏడాదే మిగిలినప్పుడు 2025లో బైఅవుట్ చేసింది, కాబట్టి దాని భారం రెండేళ్లకే పరిమితం. అప్పట్లో పట్టికలో అట్టడుగున ఉంటూ మాక్లిన్ సెలెబ్రినీ లాంటి కుర్రాళ్లను పోగుచేసుకుంటున్న జట్టుకు ఆ 70 లక్షలతో వెంటనే కొనాల్సిందేమీ లేకపోయింది. పైగా కుర్రాళ్ల పక్కన వ్లాసిక్ లాంటి ఒక ఒలింపిక్ స్వర్ణ విజేత ఉండటంలో నష్టమూ లేదు.

ఇలాంటి డిఫెన్స్‌మన్ చేతిలో ఉన్న జనరల్ మేనేజర్‌ను నేను ముందుగా అడిగేది, వచ్చే రెండు సీజన్లలో మీరు కప్ కోసం నిజంగా పోటీలో ఉన్నారా అని. లేకపోతే అతన్ని మూడో జతలో పదిహేను నిమిషాలు ఆడించండి, చేతనైతే రెండో పవర్ ప్లే బృందంలో చోటు ఇవ్వండి, క్యాలెండర్‌ను తన పని తాను చేసుకోనివ్వండి. పోటీలో ఉంటే, ముందు ఆ నిమిషాల మార్పు చేసి చూసి, అదీ కుదరకపోతేనే బైఅవుట్‌కు వెళ్లండి, వెళ్లేముందు ఏ ఏడాది ఎంత పడుతుందో చూసుకోండి. వాంకూవర్ బైఅవుట్‌కు నేను పదికి ఆరే ఇవ్వడానికి కారణం ఇదే. చౌకగా దొరికిన మొదటి ఏడాదిని జట్టు చక్కగా వాడుకుంది, ఆ మరుసటి సీజన్‌లో ప్లేఆఫ్స్‌కే చేరలేదు, మిల్లర్‌ను 2025 జనవరిలో న్యూయార్క్ రేంజర్స్‌కు పంపింది, టాకెట్ ఫిలడెల్ఫియాకు వెళ్లిపోయాడు, 2025 డిసెంబర్‌లో హ్యూస్‌ను సైతం మిన్నెసోటాకు ట్రేడ్ చేసింది. ఏ బృందం కోసం ఆ బైఅవుట్ చేశారో ఆ బృందం చెదిరిపోయిన సీజన్‌లోనే, 47.7 లక్షల పెద్ద వాయిదాల్లో మొదటిది వచ్చి పడింది.