పర్లాకిమిడిలో బాబాయి వ్యాన్: కంప్యూటర్ మార్చే ముందు చూడాల్సినవి

నమస్కారం అండీ, అందరూ బాగున్నారా? ఈ వీడియో టెక్సాస్‌లోని మా ఇంటి నుంచి కాదు, మా పుట్టిల్లు పర్లాకిమిడి నుంచి. మన ఛానెల్‌కి కొత్తగా వచ్చినవాళ్ల కోసం చెప్తున్నాను: ఇది ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు ఊరు అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు, ఇప్పటి ఆంధ్ర వైపు ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులు గారు ఉద్యోగం చేసిన ఊరండీ ఇది. ఇక్కడ బజార్లో బేరం ఒడియాలో మొదలై తెలుగులో ముగుస్తుంది, ఎవరికీ వింతగా ఉండదు.

ఇవాళ గుడి, కోట చూపించట్లేదు. మా బాబాయి వ్యాన్ చూపిస్తున్నాను. ఏడు సీట్ల పెట్రోలు బండి. పొద్దున బడి పిల్లలు, మధ్యాహ్నం కిరాయిలు, అవసరమైతే రాత్రికి రాత్రి పేషెంట్‌ని విశాఖ తీసుకెళ్లడం కూడా దీని పనే. అలాంటి బండి వేడెక్కాక నడిరోడ్డు మీద టక్కున ఆగిపోతోంది. ముందు దగ్గడం, నసగడం ఏమీ ఉండదు. ఆర్పీఎం ముల్లు ఒక్కసారి సున్నాకి పడిపోతుంది. కాసేపు చల్లారితే మళ్లీ ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. లోపల పిల్లలుంటే ఇది చిన్న విషయం కాదండీ. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఆగిందంటే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకు బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు తొక్కుళ్లకే సరిపోతుంది.

ఒక షాపులో స్కానర్ పెట్టి చూసి, పీ0606 కోడ్ వచ్చింది, ఈసీఎం, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్ పోయింది, కొత్తది వేయించుకోండి అన్నారట. పీ0606 అంటే కంప్యూటర్ తన ప్రాసెసర్‌లోనే తేడా ఉందని తను చెప్పుకోవడం. వినగానే నమ్మబుద్ధేస్తుంది. కానీ బ్యాటరీ వోల్టేజీ పడిపోయినా, ఎర్త్ వదులైనా కూడా ఇలాంటి కోడ్లు వస్తాయి. అంత డబ్బు పోసి కొత్త డబ్బా పెట్టాక బండి మళ్లీ అదే చోట ఆగితే ఎవరిని అడుగుతాం? అందుకే బాబాయి తన పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లారు, నేను కెమెరా పట్టుకుని వెంట వెళ్లాను.

మేస్త్రి మొదట ఏ స్క్రూ విప్పలేదు. "ఆగిపోయినప్పుడు సూడాల గానీ, నడుస్తున్నప్పుడు సూస్తే ఏటి తెలుస్తాదమ్మా?" అని బండిని ఎండలో పెట్టి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచేశారు. చాలాసేపటికి ఆగింది. వెంటనే తాళం ఆన్ చేసి మీటర్ బోర్డు చూడమన్నారు. ఇక్కడ జాగ్రత్తగా చూడండి, జూమ్ చేస్తున్నాను. ఆయిల్ లైటు వెలిగింది, బ్యాటరీ లైటు వెలిగింది. చెక్ ఇంజిన్ లైటు మాత్రం వెలగలేదు. బాగున్న బండిలో తాళం తిప్పగానే అది వెలిగి తీరాలి. వెలగలేదంటే కంప్యూటర్‌కి కరెంటు అందట్లేదు, లేదా అందినా అది పనిచేయట్లేదు.

చాలామంది ఇలాంటప్పుడు క్రాంక్ సెన్సర్, అంటే ఇంజిన్ తిరుగుడుని కంప్యూటర్‌కి చెప్పే సెన్సర్, మార్చేస్తారు. అది కూడా వేడికే మొరాయిస్తుంది, ముల్లు కూడా అలాగే పడిపోతుంది. కానీ క్రాంక్ సెన్సర్ పోతే చెక్ ఇంజిన్ లైటు ఆగదు, స్కానర్ కంప్యూటర్‌తో మాట్లాడటమూ ఆగదు. మా బండిలో రెండూ ఆగిపోయాయి. స్కానర్ స్క్రీన్ వెలిగింది కదా అని మోసపోకండి. స్కానర్ తగిలించే ఆ 16 పిన్నుల సాకెట్లో 16వ పిన్నుకి కరెంటు నేరుగా బ్యాటరీ నుంచి వస్తుంది, దానికీ కంప్యూటర్ బాగోగులకీ సంబంధం లేదు. అమెరికాలో ఈ సాకెట్ 1996 మోడల్ నుంచి తప్పనిసరి. మన దగ్గర ఓబీడీ-2, అంటే బండి తన లోపాల్ని తనే కనిపెట్టి కోడ్లుగా చెప్పే ఏర్పాటు, దాని నిబంధన 2013 ఏప్రిల్ నుంచి వచ్చింది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, ఆల్టర్నేటర్ ఛార్జింగ్ కూడా బాగుంది. నేను మల్టీమీటర్ ఇవ్వబోతే ఆయన వద్దన్నారు. "మీటరుని నమ్మకమ్మా, బల్బు ఎలగాల" అని ఇండికేటర్ బల్బుకి రెండు వైర్లు కట్టిన ముక్క ఒకటి తీశారు. డాష్‌బోర్డు కింద ఎడమ పక్కన ఉన్న కంప్యూటర్ కనెక్టర్ ఊడదీసి, కంప్యూటర్‌కి కరెంటు వదిలే మెయిన్ రిలే దగ్గర జంపర్ వైరు పెట్టి, వైరింగ్ డయాగ్రం చూసుకుంటూ ఒక్కో పవర్ పిన్నుకీ, ఒక్కో ఎర్త్ పిన్నుకీ ఆ బల్బు తగిలించారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. వైరు లోపల తెగిపోయి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపించేస్తుంది, ఎందుకంటే మీటర్ తాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు. 21 వాట్ల బల్బు అలా కాదు. దానికి ఒకటిన్నర ఆంపియర్ పైనే కావాలి, ఆ ఒక్క పోగుతో గుడ్డిగా మినుకుమంటుంది. మా బండిలో ప్రతి పిన్ను దగ్గరా బల్బు భగ్గున వెలిగింది. అంటే కంప్యూటర్‌కి తిండి అందుతోంది, అదే తినట్లేదు.

అయినా ఆయన తేల్చి చెప్పలేదు. ఇంకో అనుమానం మిగిలింది. కంప్యూటర్ సెన్సర్లకి 5 వోల్టుల కరెంటు పంపుతుంది, చాలా సెన్సర్లు ఒకే లైను పంచుకుంటాయి. వాటిలో ఒక్కటి షార్ట్ అయినా లైను మొత్తం కూలిపోయి, కంప్యూటరే చచ్చినట్టు కనిపిస్తుంది. కనెక్టర్ మళ్లీ పెట్టి థ్రాటిల్ సెన్సర్ దగ్గర చూస్తే 5 వోల్టులు లేవు. ఒక్కో సెన్సర్ ప్లగ్గూ పీకుతూ వెళ్లారు. అన్నీ పీకేసినా రాలేదు.

చల్లారాక మా పిన్ని హెయిర్ డ్రయ్యర్ తెప్పించారు! తాళం ఆన్‌లో పెట్టి, కంప్యూటర్ డబ్బా మీదకి మాత్రమే వేడి గాలి కొట్టారు, ఇంజిన్ చల్లగానే ఉంది. కాసేపటికి చెక్ ఇంజిన్ లైటు ఆరిపోయింది. చల్లారనిస్తే వచ్చింది. మళ్లీ కొడితే మళ్లీ పోయింది. బాబాయి ముఖంలో దిగులు, తేలికదనం రెండూ ఒకేసారి కనిపించాయి. డబ్బా విప్పితే కారణం కళ్లకి కట్టింది. కనెక్టర్ పిన్నుల మొదట్లో పచ్చగా చిలుము పట్టి, బోర్డు మీద కరెంటు పారే రాగి గీతని కొంతమేర తినేసింది. ఒక పిన్ను చుట్టూ సోల్డర్‌లో వెంట్రుకంత బీట, భూతద్దంలో చక్కటి ఉంగరంలా కనిపించింది. సోల్డర్ ఒక్కటే అయితే అతికించుకోవచ్చు గానీ, గీతలే పోయిన బోర్డు మీద పిల్లల్ని ఎక్కించుకుని తిరగలేనని బాబాయి అన్నారు. నాకూ అదే సబబనిపించింది.

అమెరికాలో అయితే మన ఛాసిస్ నంబరు పంపితే ఆ బండికి ప్రోగ్రామ్ చేసిన రీమాన్యుఫ్యాక్చర్డ్ (పాతదాన్ని బాగుచేసి కొత్తదానిలా తయారుచేసిన) కంప్యూటర్ ఇంటికి పంపే దుకాణాలున్నాయి, పాతది తిరిగిస్తే డిపాజిట్ వెనక్కిస్తారు. ఇక్కడ విశాఖలో పాత బళ్ల పార్టులు అమ్మే చోట అదే పార్ట్ నంబరు డబ్బా దొరికింది. చివరి అక్షరం దాకా కలవాలండీ, ఆకారం ఒకటే అయితే చాలదు. ఇంకో చిక్కు ఇమ్మొబిలైజర్, అంటే దొంగతనం జరక్కుండా పెట్టిన తాళం కోడ్ ఏర్పాటు. వేరే బండి కంప్యూటర్ మన తాళాన్ని గుర్తుపట్టదు, ఇంజిన్ స్టార్ట్ అవ్వనివ్వదు. అందుకే అక్కడే ఒక రిపేరు కుర్రాడు పాత బోర్డు మీద ఉన్న ఎనిమిది కాళ్ల మెమరీ చిప్‌లోని సమాచారం కొత్తదాంట్లోకి ఎక్కించాడు. ఆర్సీ, తాళం, పాత డబ్బా మూడూ చూశాకే చేశాడు, ఆ పద్ధతి నాకు నచ్చింది.

తెచ్చిన వెంటనే బిగించెయ్యలేదు. ముందు ఆ చిలుము పట్టించిన నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి కదా. వైపర్ల కింద నీళ్లు పోయే దారి ఆకులతో పూడిపోయి, వానకి కారిన నీరు వైరింగ్ వెంట దిగి సరిగ్గా కనెక్టర్ మీదకి చేరుతోంది. అది శుభ్రం చేసి, రబ్బరు గ్రోమెట్ మార్చి, పైనుంచి బకెట్లతో నీళ్లు పోసి చూశారు. తర్వాత పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు కొలిచారు, అన్నీ 12 నుంచి 16 ఓమ్‌ల మధ్య ఉన్నాయి. ఇగ్నిషన్ కాయిల్ కూడా చూశారు. వీటిలో ఏది షార్ట్ అయినా కొత్త కంప్యూటర్‌ని తాళం తిప్పిన నిమిషంలోనే కాల్చేస్తుంది. అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీసి, చేతులు బాడీకి తాకించి, పిన్నులు ముట్టుకోకుండా డబ్బా బిగించారు.

తాళం తిప్పగానే లైటు వెలిగింది, స్టార్ట్ అయ్యాక ఆరింది. ఐడిల్ మొదట్లో పైకీ కిందకీ ఊగింది, ఏసీ ఆపి కాసేపు అలాగే వదిలేస్తే కుదురుకుంది. ఆ మధ్యాహ్నమే ఎండలో గండాహతి జలపాతం వైపు వెళ్లొచ్చాం, దారంతా స్కానర్ తగిలించే ఉంచాను. వోల్టేజీ నిలకడగా ఉంది, కొత్త కోడ్ ఒక్కటీ రాలేదు. మర్నాడు పొద్దున బాబాయి బడి పిల్లల్ని ఎక్కించుకునే ముందు పార్ట్ నంబరు, ఛాసిస్ నంబరు, ఆ బల్బు తగిలించాల్సిన పిన్నుల నంబర్లు కాగితం మీద రాసి గ్లవ్ బాక్సు మూత లోపల అంటించారు. ఆ కాగితం ఫొటో స్క్రీన్ మీద పెడుతున్నాను, ఛాసిస్ నంబరు మాత్రం కప్పేశాను.