టికెట్ తిరిగిచ్చేసిన ఇవాన్

[తెర మీద: మసక వెలుతురు హోటల్. బల్ల మీద టీ, చేపల సూప్, గిన్నెలో చెర్రీ జామ్]

వాయిస్: చెర్రీ జామ్ తమ్ముడికి చిన్నప్పుడు ఇష్టమని అన్నకి గుర్తుంది. అందుకే తెప్పించాడు. ఇంకాసేపట్లో ఇదే బల్ల దగ్గర ఆ అన్న దేవుడి మీద కేసు పెట్టబోతున్నాడు.

దొస్తొయెవ్‌స్కీ రాసిన 'కరమజోవ్ సోదరులు' ఇది. 1879 జనవరి నుంచి 1880 నవంబరు దాకా ఒక రష్యన్ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అన్న ఇవాన్, బాగా చదువుకున్నవాడు. తమ్ముడు అల్యోషా, మఠంలో ఉంటున్నాడు.

ఇవాన్‌ని నాస్తికుడని చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు. కానీ ఈ హోటల్లో అతను దేవుడు లేడని అనడు. "ఉన్నాడనే ఒప్పుకుంటాను, ఆయన లోకాన్నే ఒప్పుకోను" అంటాడు. ఎందుకో చెప్పడానికి సిద్ధాంతాలేమీ తీయడు. తను పోగేసుకున్న సంఘటనలు తీస్తాడు.

[తెర మీద: మంచు మైదానం, దూరంగా వేటకుక్కలు]

ఒక జనరల్‌కి ఇష్టమైన కుక్క కాలికి దెబ్బ తగిలింది. రాయి విసిరింది దాసీ కొడుకు, ఎనిమిదేళ్లవాడు. మర్నాడు జనరల్ ఆ పిల్లాడి బట్టలు విప్పించి, పరిగెత్తించి, తల్లి కళ్లెదుటే కుక్కల్ని వదిలాడు.

"వాణ్ణి ఏం చెయ్యాలి?" అని అడుగుతాడు ఇవాన్. మెత్తటివాడైన అల్యోషా నోటి నుంచే "కాల్చెయ్యాలి" అన్న మాట వస్తుంది.

మన దగ్గర దీనికి జవాబు రెడీగా ఉంటుంది: పూర్వజన్మ కర్మ. ఇవాన్‌కి ఆ మాట తెలియదు గానీ, అలాంటి వాదన మాత్రం తెలుసు. తండ్రుల పాపం పిల్లలకెందుకని అడుగుతాడు. పెద్దయ్యాక వాడూ పాపం చేసేవాడేగా అంటారేమో, వాడు పెద్దవ్వలేదుగా, ఎనిమిదేళ్లకే కుక్కలు చీల్చేశాయి అంటాడు. కర్మ సిద్ధాంతాన్ని నమ్మేవాళ్లు కూడా ఒక్కసారి ఆ తల్లి ముందు నిలబడి అది చెప్పగలరేమో ఆలోచించండి. నాకైతే నోరు రాదు.

చివర్లో లోకమంతా సామరస్యంగా మారుతుందన్నా, దాని ధర ఒక్క పిల్లాడి కన్నీరైతే ఆ ప్రవేశ రుసుము తన వల్ల కాదంటాడు ఇవాన్. వినయంగానే టికెట్ తిరిగిచ్చేస్తాడు.

[తెర మీద: దొస్తొయెవ్‌స్కీ చిత్రపటం]

ఇంత గట్టి వాదన రాసినాయన భక్తుడు! పిల్లల గురించి తన పాత్ర చెప్పేవన్నీ పేపర్లలో వచ్చిన నిజాలేనని ఆయన సంపాదకుడికి ఉత్తరం కూడా రాశాడు. పైగా 1878 మేలో ఆయన కొడుకు మూర్ఛతో చనిపోయాడు. ఇంకా మూడేళ్లు నిండలేదు. పేరు అల్యోషా. తర్వాతి నెల ఆయన ఆప్తినా మఠానికి వెళ్లాడు. ఆ ప్రయాణం నవల మొదట్లోనే కనిపిస్తుంది: మూడేళ్లు నిండని కొడుకుని పోగొట్టుకున్న ఒక పల్లెటూరి తల్లి జొసిమా అనే వృద్ధ సన్యాసి దగ్గరికొస్తుంది. ఊరుకోమని ఆయన అనడు. ఏడవమ్మా అంటాడు.

మరి ఇవాన్‌కి జవాబు? ఆరో భాగంలో జొసిమా జీవితం, బోధలే జవాబని రచయిత ఉద్దేశం. అది సరిపోతుందా అని ఆయనే ఉత్తరంలో బెంగపడ్డాడు. బోధల దగ్గర నవల నీరసిస్తుందనే నేనూ అంటాను. కానీ హోటల్లోనే ఇంకో జవాబుంది. క్రీస్తునే ఖైదు చేసిన ఒక మతాధికారి కథ చెబుతాడు ఇవాన్. అందులో ముసలి అధికారి గంటలకొద్దీ వాదిస్తాడు, ఖైదీ ఒక్క మాటా మాట్లాడకుండా అతన్ని ముద్దు పెట్టుకుంటాడు. కథ అయ్యాక అల్యోషా లేచి అన్నని అలాగే ముద్దు పెట్టుకుంటాడు. "కాపీ కొట్టావు!" అని ఇవాన్ సంబరపడతాడు.

వాదం ఓడలేదు, అలాగే ఉంది. తమ్ముడు మాత్రం అన్నని వదల్లేదు. వ్యాసంలో ఇలాంటి జవాబుకి చోటుండదు.

[తెర మీద: పుస్తకం, ఐదో భాగం తెరిచి]

వెయ్యి పేజీలు చూసి భయపడేవాళ్లు ఐదో భాగంలో 3, 4, 5 అధ్యాయాలు ముందు చదవండి. ఆ తర్వాత ఏడో భాగం మొదటి అధ్యాయం. అప్పటికే జొసిమా చనిపోయి ఉంటాడు, అందరూ మహిమ కోసం ఎదురుచూస్తుంటారు, శవం మాత్రం కుళ్లువాసన కొడుతుంది. ఆ వాసనకి అల్యోషా ఏమైపోయాడో చదివి, కామెంట్లలో ఇవాన్ పక్షమో, తమ్ముడి పక్షమో చెప్పండి.