లెన్స్ పడుతుంది, ఫోకస్ తిరగదు

శ్రోతలకు నమస్కారం.

కెమెరా బాడీ ఐదారేళ్లకే పాతదైపోతుంది. లెన్స్ అలా కాదు. తేమ తగలకుండా, ఫంగస్ పట్టకుండా చూసుకుంటే ముప్పై ఏళ్ల కిందటి లెన్స్ కూడా ఈనాటికీ మంచి బొమ్మ ఇస్తుంది. అందుకే ఫొటోలు తీసేవారు బాడీలు మారుస్తారే తప్ప, చేతికి అలవాటైన లెన్సులను అంత తేలికగా వదులుకోరు. అటువంటి లెన్స్‌ను కొత్త బాడీకి తగిలిస్తే కొన్నిసార్లు చిత్రమైన పరిస్థితి ఎదురవుతుంది: లెన్స్ పడుతుంది, ఫోకస్ తిరగదు. అంటే కెమెరా తనంతట తాను ఫోకస్ చేయలేదు, చేత్తో తిప్పుకోవలసిందే. ఎందుకు తిరగదో, నాకు ఎంతో ఇష్టమైన ఒక చిన్న లెన్స్‌ను పట్టుకుని చెబుతాను.

అది నికాన్ వారి 50 మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 డి లెన్స్. అరచేతిలో ఇమిడిపోతుంది. దానిని వెనక్కి తిప్పితే బాడీకి తగిలించే లోహపు వలయం కనిపిస్తుంది. దానినే మౌంట్ అంటారు. ఆ వలయం మీద ఒకచోట చిన్న రంధ్రం, ఆ రంధ్రంలో స్క్రూ తల మీద ఉండేటటువంటి గాడి ఉంటాయి. ఈ లెన్స్‌లో మోటారు లేదు. మోటారు బాడీలో ఉంటుంది. బాడీ మౌంట్‌లోంచి స్క్రూడ్రైవర్ మొన వంటి కడ్డీ ఒకటి ముందుకు వచ్చి, ఆ గాడిలో కూర్చుని, గిర్రున తిరుగుతూ లోపలి గాజులను ముందుకూ వెనక్కూ జరుపుతుంది. షట్టర్ బటన్‌ను సగం నొక్కగానే జర్రుమని ఒక చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టమే.

1959లో మొదలైన నికాన్ ఎఫ్ మౌంట్‌కు ఈ స్క్రూ ఏర్పాటు 1986లో ఎఫ్-501 కెమెరాతో వచ్చింది. తరువాతి కాలంలో మోటారును లెన్స్‌లోనే అమర్చడం మామూలైంది. అది మంచి మార్పే. ప్రతి లెన్స్‌కూ దాని గాజుల బరువుకు తగిన మోటారు దొరుకుతుంది, చప్పుడు తగ్గుతుంది, వీడియోకు కావలసిందీ అదే. అయితే 2006లో డి40 వచ్చినప్పుడు బాడీ చిన్నదిగా, తేలికగా ఉంది గానీ, అందులో ఆ మోటారు లేదు. మౌంట్ అదే, లెన్స్ అదే, గాడి అదే. తిప్పే కడ్డీ మాత్రం లేదు. లెన్స్ పడుతుంది, ఫోకస్ తిరగదు.

2018లో అద్దం లేని, అంటే మిర్రర్‌లెస్, నికాన్ జెడ్6, జెడ్7 కెమెరాలు వచ్చాయి. ఎఫ్ మౌంట్‌లో లెన్స్ కూర్చునే వలయానికీ ఫిల్మ్ లేదా సెన్సర్‌కూ మధ్య దూరం 46.5 మిల్లీమీటర్లు; జెడ్ మౌంట్‌లో అది 16. ఆ తేడాను పూరించడానికి ఎఫ్‌టీజెడ్ అనే అడాప్టర్ ఇచ్చారు. లెన్స్‌లోనే మోటారు ఉన్నవాటికి దాని మీద ఆటోఫోకస్ చక్కగా పనిచేస్తుంది. మన 50 డి లెన్స్‌కు వెలుతురు దారిని చిన్నదీ పెద్దదీ చేసే అపర్చర్ కదులుతుంది, వెలుతురును కొలిచే మీటరింగ్ పనిచేస్తుంది, కానీ అడాప్టర్‌లోనూ మోటారు లేదు. ఆ 30 మిల్లీమీటర్ల జాగాలో ఒక చిన్న మోటారును ఇరికించి ఉంటే ఎంత బాగుండేదని నాకు అనిపిస్తుంది. అది జరగని పని కాదు. సోనీ వారు తమ పాత ఎ మౌంట్ లెన్సుల కోసం 2020లో ఇచ్చిన అడాప్టర్‌లో సరిగ్గా అటువంటి మోటారే ఉంది, అన్ని బాడీల మీదా పనిచేయకపోయినా.

కెనాన్ వారు 1987లో మౌంట్‌నే మార్చి, పాత ఎఫ్‌డి లెన్సులను ఒక్కసారిగా పక్కన పెట్టారు. ఆనాడు అది చాలామందిని బాధపెట్టింది. కానీ ఆ కొత్త మౌంట్‌లో మొదటి నుంచీ మోటారు లెన్స్‌లోనే ఉండడం వల్ల, 2018లో మళ్లీ మౌంట్ మారినప్పుడు ఆ లెన్సులు అడాప్టర్ మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేశాయి.

ఇక మీ దగ్గర స్క్రూ గాడి ఉన్న లెన్స్ ఉంటే, దానిని అమ్మేయకండి. కొత్త బాడీ కొనేటప్పుడు "ఈ లెన్స్ పడుతుందా" అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. "ఫోకస్ తిరుగుతుందా" అని కూడా అడగండి. తిరగదని తెలిసినా కొనదలచుకుంటే, అద్దం లేని కెమెరాలలో వ్యూఫైండర్‌లోని బొమ్మను పెద్దది చేసి చూపే సౌకర్యం ఉంటుంది. దానిని కుడి బొటనవేలికి అందే బటన్‌కు కేటాయించుకోండి. మనిషి ముఖం తీసేటప్పుడు ఆ బటన్ నొక్కి, కన్ను వ్యూఫైండర్ నిండా వచ్చేలా చూసుకుని, లెన్స్ మీది వలయాన్ని ఎడమ చేతి వేళ్లతో నెమ్మదిగా తిప్పండి. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా తేలిన చోట వేళ్లు ఆపి, షట్టర్ నొక్కండి.

సెలవు.