మీటరుకి కనబడనివి: ఉద్దానం కిడ్నీ జబ్బు మీద పరిశోధన ఎంతవరకు వచ్చింది

(శ్రీకాకుళంలో ఆరోగ్య కార్యకర్తలు, సైన్సు ఉపాధ్యాయులు, డిగ్రీ విద్యార్థుల కోసం చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక ల్యాబ్ రిపోర్టుతో మొదలుపెడతాను. సీరం క్రియాటినిన్ 1.3. చాలా ల్యాబుల కాగితాల్లో 1.3 దాకా నార్మల్ అనే అచ్చువేసి ఉంటుంది. ఈ కాగితం కండపుష్టి ఉన్న పాతికేళ్ల కుర్రాడిదైతే ఫరవాలేదు. 2021లో సవరించిన సీకేడీ-ఎపీ సూత్రంలో వేస్తే అతని కిడ్నీల వడపోత, అంటే ఈజీఎఫ్ఆర్, 78 వస్తుంది. అదే 1.3 మన జిల్లా ఉద్దానం ప్రాంతంలో కవిటిలోనో కంచిలిలోనో ఉండే యాభై ఏళ్ల ఆడమనిషిది అనుకోండి. అదే సూత్రం, అదే 1.3. జవాబు మాత్రం 50. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష చేసినా 60 లోపే ఉంటే అది దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు, మూడో దశ. ఆమె చేతిలో కాగితం మాత్రం నార్మల్ అంటోంది.

క్రియాటినిన్ కండరాల్లోంచి వచ్చే వ్యర్థం, కిడ్నీలు వడపోసి బయటికి పంపాల్సింది. కండ తక్కువున్న మనిషిలో పుట్టేదే తక్కువ, కాబట్టి రక్తంలో పేరుకున్నా అంకె చిన్నగానే కనబడుతుంది. అందుకని ఆశా కార్యకర్తలకి, ఏఎన్ఎంలకి నా మొదటి మనవి: రిజిస్టర్‌లో క్రియాటినిన్ ఒక్కటే రాయొద్దు. వయసు, ఆడా మగా, ఈజీఎఫ్ఆర్, ఈ మూడూ పక్కన ఉండాలి. ఫోన్లో లెక్కగట్టడానికి అర నిమిషం చాలు. రక్తం పొద్దున్నే, పనికి వెళ్లకముందు తీయాలి. ఎండలో పనిచేసి వచ్చిన సాయంత్రం తీస్తే ఆ పూట పెరిగిన క్రియాటినిన్ కూడా కలిసి లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. రాత్రి మాంసం బాగా తిన్నా కొంత పెరుగుతుంది. ల్యాబ్‌లో ఎంజైమ్ పద్ధతి వాడుతున్నారా, పాత జాఫే పద్ధతా అని అడగండి. జాఫేలో రక్తంలోని ఇతర పదార్థాలు కూడా క్రియాటినిన్ లాగే రంగు పుట్టిస్తాయి. ఒక ఏడు ఒక ల్యాబ్, మరో ఏడు ఇంకో ల్యాబ్ అయితే, తగ్గింది కిడ్నీయో మారింది యంత్రమో చెప్పలేం.

ఉద్దానంలో జరిగి 2019, 2020ల్లో వెలువడిన రెండు వేర్వేరు సర్వేలు దాదాపు ఒకే మాట చెప్పాయి: వయోజనుల్లో ఇంచుమించు అయిదుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉంది. వాళ్లలో చాలామందికి షుగరు లేదు, చెప్పుకోదగ్గ బీపీ లేదు. మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ కూడా పెద్దగా పోదు. ఇదే దీని మోసం. షుగరు వల్ల వచ్చే జబ్బులో మూత్రం నురగ వస్తుంది, కాళ్లు వాస్తాయి, స్ట్రిప్పు రంగు మారుతుంది. ఇక్కడ దెబ్బతినేది వడపోసే జల్లెడ కాదు, దాని తర్వాత ఉండే సన్నని నాళికలూ వాటి చుట్టూ ఉన్న కణజాలమూ. జల్లెడ బాగానే ఉంటుంది కాబట్టి ప్రొటీన్ కారదు. మూత్రం స్ట్రిప్పు ముంచి చూసి బాగుందని పంపేస్తే జబ్బు మనిషి చేజారిపోయినట్టే. రక్తపరీక్ష ఉండి తీరాలి.

ఇలాంటి జబ్బే ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లోనూ, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరి పొలాల్లోనూ ఉంది. కారణం దగ్గర పరిశోధకులు రెండు వైపులుగా ఉన్నారు. ఒక వర్గం ఎండా, ఒళ్లు ఎండిపోవడమూ అంటుంది. రెండో వర్గం ఏదో విషపదార్థం అంటుంది. శ్రీలంక, మధ్య అమెరికా రోగుల బయాప్సీల్లో నాళికల కణాల లోపల చెత్తను జీర్ణం చేసే సంచులు, అంటే లైసోజోములు, ఉబ్బి, వికారంగా కనబడ్డాయని 2020లో ఒక బృందం చూపించింది. కిడ్నీ మార్పిడి తర్వాత వాడే కొన్ని మందుల విషప్రభావంలో కనబడే మార్పును అది పోలి ఉంది. ఇతర కిడ్నీ జబ్బుల్లో కూడా అవి కనబడుతున్నాయి కదా అని మిగతావాళ్ల అభ్యంతరం. నా అభిప్రాయం అడిగితే, ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకునే వాదనలు కావు. నీళ్లు తగ్గిన కిడ్నీ మూత్రాన్ని చిక్కబరుస్తుంది. చిక్కబడిన మూత్రంలో ఏ విషమున్నా దాని గాఢత కూడా పెరుగుతుంది. ఒకే దోషి దొరికేదాకా చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు.

ఎండ సంగతి చూద్దాం. టీవీలో చెప్పే డిగ్రీలు మన తీరానికి సరిపోవు. 41 డిగ్రీల వేడి, గాలిలో తేమ 25 శాతం ఉన్న చోట తడిబల్బు ఉష్ణోగ్రత, అంటే తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే అంకె, 25 దగ్గర ఉంటుంది. సోంపేటలోనో వజ్రపుకొత్తూరులోనో 34 డిగ్రీలే ఉండి తేమ 70 శాతం ఉంటే అది 29 దాటుతుంది. అంటే మన 34లో చెమట ఆరదు. కారుతుంది, కానీ ఒంటిని చల్లార్చదు. నీరూ ఉప్పూ పోతాయి, ప్రయోజనం మాత్రం దక్కదు. దీన్ని బడిలో పిల్లల చేత చూపించొచ్చు. రెండు మామూలు థర్మామీటర్లు తీసుకోండి. ఒకదాని బల్బుకి తడి నూలుగుడ్డ చుట్టి, గుడ్డ కొస నీళ్లలో ఉంచండి. రెంటినీ నీడలో ఫ్యాన్ గాలికి పెట్టి, తడిది దిగడం ఆగాక చదవండి. రెంటి మధ్య తేడా ఎంత తక్కువైతే ఆ రోజు ఒళ్లు చల్లబడటం అంత కష్టం. జీడి పిక్కలు కాల్చే బట్టీల దగ్గరైతే దీనికి పొయ్యి వేడి కూడా తోడు.

ఇక్కడ ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగం గురించి చెప్పాలి. 2014లో వెలువడింది. ఎలుకల్ని రోజూ పదేపదే వేడికి గురిచేశారు. ఒక గుంపుకి వేడిలో ఉన్నప్పుడే నీళ్లు దొరికాయి. రెండో గుంపుకి పగలంతా లేదు, రాత్రి మాత్రమే ఇచ్చారు. ఆలస్యంగా తాగిన వాటి కిడ్నీ నాళికలే దెబ్బతిని మచ్చకట్టాయి. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీలో గ్లూకోజు ఫ్రక్టోజుగా మారుతుంది. ఆ ఫ్రక్టోజును ఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము విరిచేటప్పుడు యూరిక్ ఆమ్లం, మంట పుట్టించే పదార్థాలు తయారై నాళికల్ని గాయపరుస్తాయి. ఆ ఎంజైము లేకుండా పుట్టించిన ఎలుకలు తప్పించుకున్నాయి. 2016లో అదే దారిలో చేసిన మరో ప్రయోగంలో, ఎండిన ఎలుకలకి నీళ్ల బదులు కూల్‌డ్రింక్ లాంటి తీపి ద్రవం ఇస్తే దెబ్బ ఇంకా ఎక్కువైంది.

ఎలుక మనిషి కాదు, నిజమే. కానీ నికరాగువాలో చెరకు కోతగాళ్లకి నీడ, తప్పనిసరి విశ్రాంతి, పని మధ్యలో నీళ్లు పెంచాక ఒక సీజన్ నుంచి మరో సీజన్‌కి కిడ్నీ దెబ్బలు బాగా తగ్గాయి. అందుకే “రోజుకి ఎన్ని లీటర్లు తాగారు” అన్న ప్రశ్న సగమే. ఎప్పుడు తాగారన్నది మిగతా సగం. మన పొలాల్లో జరిగేదేమిటి? పొద్దున్న చోడి అంబలి తాగి వెళ్తారు. నీళ్ల బిందె గట్టు చివర ఉంటుంది. వరస వదిలి వెళ్తే మేస్త్రీ ఏమంటాడోనని ఆగుతారు. మూత్రానికి చాటు ఉండదని ఆడవాళ్లు కావాలనే తాగరు. ఇంటికొచ్చి రెండు చెంబులు ఎత్తుతారు. అది ఆ రెండో గుంపు ఎలుకల పరిస్థితే. ఎండలో కష్టపడేవాళ్లకి పని ఆరోగ్య నిపుణులు చెప్పే కొలత పావుగంట, ఇరవై నిమిషాలకొకసారి పెద్ద గ్లాసుడు, అంటే సుమారు 240 మిల్లీలీటర్లు. గంటకి లీటరున్నర దాటకూడదు, దాటితే రక్తంలో సోడియం పడిపోతుంది. పనికి ముందూ తర్వాతా బరువు చూడండి. 50 కిలోల మనిషి కిలో తగ్గితే ఒళ్లు ఎండినట్టే. ఆడకూలీలున్న చోట మరుగుకి ఒక గోనెపట్టా కట్టడం కూడా కిడ్నీ వైద్యమేనని నేను గట్టిగా అంటాను.

ఈ సలహా జబ్బు ముదరనివాళ్లకి. నాలుగు, అయిదో దశల్లో ఉన్నవాళ్లు, డయాలసిస్ మీద ఉన్నవాళ్లు డాక్టరు చెప్పిన కొలతే తాగాలి. వాళ్లకి మన కొబ్బరి బొండాం కూడా ప్రమాదమే. ఒక బొండాం నీళ్లలో సుమారు 600 నుంచి 750 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యవంతుడికి అది మేలు. పొటాషియం బయటికి పంపలేని కిడ్నీ ఉన్నవాడికి గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. పనసతొనలూ అంతే. ఉద్దానంలో చుట్టానికి బొండాం కొట్టివ్వడం మర్యాద కాబట్టి ఈ మాట ఇంటింటా చెప్పక తప్పదు.

ఒళ్లునొప్పుల బిళ్లల గురించి. నీరు తగ్గినప్పుడు కిడ్నీ తనలోకి వచ్చే రక్తనాళాన్ని ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాల సాయంతో తెరిచి ఉంచుకుంటుంది. డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ ఆ సాయాన్నే తీసేస్తాయి. వరికోత రోజు సాయంత్రం వేసుకునే బిళ్ల అందుకే మామూలు బిళ్ల కాదు. నొప్పికి పారాసిటమాల్ తగిన మోతాదులో మేలు.

కొత్త మందుల్లో గ్లిఫ్లోజిన్లు ఆశ కలిగించాయి. 6,609 మంది మీద జరిగి 2022లో ఫలితాలిచ్చిన ఎంపా-కిడ్నీ అనే ఎంపాగ్లిఫ్లోజిన్ మందు పరీక్షలో జబ్బు ముదరడం లేదా గుండె సంబంధ మరణం 28 శాతం తగ్గింది. ప్రొటీన్ పోనివాళ్లని కూడా అందులో చేర్చుకున్నారు కాబట్టి మనకి ఆసక్తి. కానీ అది జరిగిన ఎనిమిది దేశాల్లో భారత్ లేదు. పైగా ఈ మందు మూత్రంలో చక్కెరనీ, దాంతో నీటినీ బయటికి పంపుతుంది. మే నెలలో పొలంలో ఉండే మనిషికి ఇచ్చేటప్పుడు డాక్టరుకి ఆ సంగతి తెలియాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున ఏ మందులు ఆపాలో ముందే అడిగి రాసుకోవాలి.

ఇప్పుడు నీళ్లు. ఊళ్లలో టీడీఎస్ మీటరు ముంచి 80 చూపించి “మంచి నీళ్లు” అంటున్నారు. ఆ మీటరు కొలిచేది నీటిలో కరెంటు ఎంత పారుతోందన్నదే. సిలికా మామూలు నీటిలో విద్యుదావేశం లేని సిలిసిక్ ఆమ్లంగా ఉంటుంది, కాబట్టి మీటరుకి అసలు కనబడదు. కాడ్మియానికి మన ప్రమాణం లీటరుకి 0.003 మిల్లీగ్రాములు, సీసానికి 0.01. వందల్లో చదివే మీటరు మీద ఇవి చుక్క కూడా కదపవు. సిలికా గురించి ఎందుకంటున్నానంటే, చెరకు బూడిదలోని అతిసూక్ష్మ సిలికా రేణువులు మనిషి కిడ్నీ నాళిక కణాల శక్తి ఉత్పత్తిని దెబ్బతీస్తాయని ప్రయోగశాలలో తేలింది. ఊక బూడిదలో అధికభాగం సిలికానే. ఇది గిన్నెలో పెంచిన కణాల మాట, రుజువు కాదు. కానీ నీటితోపాటు పొగనీ బూడిదనీ కూడా కొలవాలన్న ఆలోచనకి బలం ఇచ్చింది.

నమూనా తీయడంలోనే చాలా పరిశోధన పాడవుతుంది. బోరు మోటారు వేసిన వెంటనే పట్టొద్దు. పైపులో నిలవున్న నీరు, ఇనుప తుప్పు వస్తాయి. అయిదు పది నిమిషాలు పోనివ్వండి. సిలికా, ఫ్లోరైడ్ కోసం ప్లాస్టిక్ సీసాలే వాడాలి. గాజు నుంచి సిలికా నీళ్లలోకి దిగుతుంది, ఫ్లోరైడ్ గాజుని పట్టుకుంటుంది. లోహాల కోసం ఆమ్లంతో కడిగిన వేరే సీసా కావాలి. పట్టిన వెంటనే నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్ 2 కంటే తగ్గించకపోతే సీసం సీసా గోడకి అంటుకుపోయి రిపోర్టులో “లేదు” అని వస్తుంది.

హిరమండలం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఉద్దానానికి వచ్చాయి. 2023 డిసెంబరులో ఆ పథకమూ, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ ప్రారంభమయ్యాయి. నాకు ఇది చాలా సంతోషం. కానీ డయాలసిస్ టెక్నీషియన్లు ఒక విషయం గుర్తుంచుకోవాలి. బోరు నీటికి అలవాటుపడిన నీటి శుద్ధి ప్లాంటుకి ఇప్పుడు క్లోరిన్ కలిపిన నది నీరు వస్తుంది. నాలుగు గంటల డయాలసిస్‌లో రోగి రక్తం పక్కనుంచి సుమారు 120 లీటర్ల ద్రవం పోతుంది. ఆ క్లోరిన్ నుంచి పుట్టే క్లోరమిన్ ఆర్వో పొరని దాటి వెళ్లి ఎర్రకణాల్ని పగలగొడుతుంది. దాన్ని ఆపేది బొగ్గు ట్యాంకులే. రెండు ట్యాంకులు ఒకదాని వెనక ఒకటి ఉండాలి, ఒక్కో దానిలో నీరు అయిదు నిమిషాలు ఉండాలి. నిమిషానికి 20 లీటర్లు లాగే ప్లాంటుకి ఒక్కో ట్యాంకులో 100 లీటర్ల బొగ్గు అన్నమాట. ప్రతి షిఫ్టుకి ముందు, ప్లాంటు పావుగంట నడిచాక, మొదటి ట్యాంకు తర్వాతి కుళాయి దగ్గర మొత్తం క్లోరిన్ చూడాలి. లీటరుకి 0.1 మిల్లీగ్రాము దాటితే రెండో ట్యాంకు తర్వాత చూసి, అక్కడా దాటితే ఎవరినీ మిషన్ మీద పెట్టకూడదు. 1996లో బ్రెజిల్‌లోని కరువారులో జలాశయం నాచు విషం డయాలసిస్ నీటిలోకి చేరి 50 మందికి పైగా చనిపోయారు. వేసవిలో జలాశయం నీరు పచ్చబడితే ఆ కబురు డయాలసిస్ సెంటరుకి అదే రోజు చేరాలి.

నీళ్లు మార్చాం కాబట్టి జబ్బు తగ్గిందా అని రెండు మూడేళ్లకే తీర్పు చెప్పకండి. ఇప్పటికే మచ్చకట్టిన కిడ్నీలు నీళ్లు మారినా క్షీణిస్తూనే ఉంటాయి. చూడాల్సింది 18 నుంచి 35 ఏళ్ల వాళ్లని. అదే మనుషులు, అదే నెల, అదే ల్యాబ్, ఏటా ఈజీఎఫ్ఆర్ ఎంత జారుతోందో చూడాలి. ఇక పైపు నీళ్లు వచ్చిన ఊళ్లలో పాత బోర్లు ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి. మూత వేసేముందు ప్రతి బోరు నుంచి ఆమ్లం కలిపిన ఒక సీసా, కలపని ఒక సీసా తీయించండి. లోతు, తవ్విన సంవత్సరం, ఎన్ని ఇళ్లు తాగాయి, ఎన్నేళ్లు తాగాయి అన్నది సీసా మీదే రాయించండి. ఆమ్లం కలిపిన సీసా ఆరు నెలలు ఆగుతుంది. ఈలోపు ల్యాబ్‌కి చేరాలి.