న్యూట్రోఫిల్ పీల్చుకున్న ఆక్సిజన్ ఏ పనికి?

సభాధ్యక్షులకు, మిత్రులకు నమస్కారం.

మన రక్తంలోని తెల్లకణాల్లో సగానికి పైగా ఉండేవి న్యూట్రోఫిల్స్. బాక్టీరియాను మింగిన కొద్ది క్షణాల్లోనే ఈ కణాలు మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఈ సంగతిని 1933లోనే బాల్డ్రిడ్జ్, జెరార్డ్ అనే ఇద్దరు పరిశోధకులు కుక్క రక్తకణాలతో కొలిచి చూపారు. మింగడానికి కావలసిన శక్తి కోసమే ఈ అదనపు శ్వాస అని అనుకోవడం సహజం. అయితే మైటోకాండ్రియాల శ్వాసను ఆపివేసే సైనైడ్ కలిపినా ఇది ఆగడం లేదని 1959లో స్బారా, కార్నోవ్‌స్కీ చూపాక ఆ వివరణ నిలవలేదు. శక్తి కోసం కాకపోతే ఇంత ఆక్సిజన్ దేనికి? దక్షిణాఫ్రికాలో వైద్యం చదివి లండన్‌లో స్థిరపడిన ఆంథొనీ సీగల్ దాదాపు నాలుగు దశాబ్దాల పాటు వదలకుండా పట్టుకున్నది ఈ ప్రశ్ననే.

ఆయన రంగంలోకి వచ్చేనాటికి సగం జవాబు దొరికినట్టే కనిపించింది. ఆక్సిజన్ ఒక ఎలక్ట్రాన్‌ను అదనంగా తీసుకుని సూపర్ఆక్సైడ్‌గా మారుతోందని 1973లో బేబియర్ బృందం నిరూపించింది. పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపమైన దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధి ఉన్న పిల్లల న్యూట్రోఫిల్స్ సూక్ష్మజీవులను మింగుతాయి కాని చాలావాటిని చంపలేవు, ఆ అదనపు శ్వాస కూడా వాటిలో ఉండదు. కాబట్టి సూపర్ఆక్సైడ్, దాని నుంచి పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ సూక్ష్మజీవులను చంపే విషాలని నిర్ధారణ అయిపోయింది. కాని ఆ ఎలక్ట్రాన్‌ను అందించే యంత్రమేదో ఎవరికీ తెలియదు.

1978లో సీగల్, ఆయన సహచరులు న్యూట్రోఫిల్స్‌లో ఒక బి-సైటోక్రోమ్‌ను, అంటే ఎలక్ట్రాన్లను చేరవేసే ఒక రంగు ప్రోటీనును, గుర్తించి, అది ఈ రోగుల కణాల్లో లేదని ప్రకటించారు. దాని రెడాక్స్ విభవం, అంటే ఎలక్ట్రాన్‌ను ఎంత తేలిగ్గా వదులుకుంటుందో చెప్పే కొలత, మైనస్ 245 మిల్లీవోల్టులు; అది ఎంత తక్కువైతే అంత తేలిగ్గా వదులుకుంటుంది. క్షీరదాల్లో అప్పటికి తెలిసిన ఇతర బి-సైటోక్రోమ్‌లలో దేనికీ ఇంత తక్కువ విభవం లేదు. ఎలక్ట్రాన్‌ను నేరుగా ఆక్సిజన్‌కు అప్పగించాలంటే అంత తక్కువ విభవమే కావాలి. అయినా వాదన తేలిగ్గా తెమలలేదు, ఎందుకంటే ఈ వ్యాధి తల్లిదండ్రులిద్దరి నుంచీ సంక్రమించిన రోగుల్లో చాలామందికి సైటోక్రోమ్ ఉండి కూడా పనిచేయడం లేదు. దీన్ని సీగల్ తన సిద్ధాంతానికి ఎదురుదెబ్బగా కాక, యంత్రంలో మరికొన్ని భాగాలు ఉన్నాయనడానికి ఆధారంగా చదివారు. 1985లో అలాంటి రోగుల కణాల్లో ఫాస్ఫేట్ చేరవలసిన ఒక ప్రోటీనుకు అది చేరడం లేదని ఆయన బృందం కనుగొంది. తర్వాత ఇతరులు ఆ భాగాలను ఒక్కొక్కటిగా వేరుచేశారు.

నన్ను అడిగితే ఈ కథలో అన్నిటికంటే అందమైన ఘట్టం 1987లో జరిగింది. అంతకు ముందటి ఏడాది బోస్టన్‌లో ఆర్కిన్ బృందం, ప్రోటీను ఏదో తెలియకుండానే, ఎక్స్ క్రోమోజోమ్‌పై వ్యాధి జన్యువు ఉన్న చోటును వెతికి పట్టుకుంది. ఆ పద్ధతిలో దొరికిన మొదటి జన్యువుల్లో అదొకటి. చిక్కేమిటంటే, అది సూచించిన ప్రోటీను తెలిసిన ఏ సైటోక్రోమ్‌నూ పోలలేదు. సీగల్ బృందం తాము శుద్ధిచేసిన సైటోక్రోమ్ పెద్ద భాగం అమైనో ఆమ్లాల వరుసను చదివి చూస్తే, అది సరిగ్గా ఆ జన్యువు రాసిన ప్రోటీనే. రోగుల వంశవృక్షం నుంచి బయలుదేరినవారూ, కణంలోని రంగు పదార్థం నుంచి బయలుదేరినవారూ ఒకే గుమ్మం ముందు కలుసుకున్నారు.

అక్కడితో ఆగినా గౌరవంగా గడిచిపోయేది. ఆయన మాత్రం తన పరిశోధనకు ఊపిరిపోసిన నమ్మకాన్నే ప్రశ్నించారు. 2002లో వెలువడిన ప్రయోగాల్లో, ఎలాస్టేజ్, కెథెప్సిన్-జి అనే జీర్ణక ఎంజైములు లోపించిన ఎలుకల న్యూట్రోఫిల్స్ సూపర్ఆక్సైడ్‌ను మామూలుగానే తయారుచేస్తూ కూడా సూక్ష్మజీవులను సరిగా చంపలేకపోయాయి. అంటే ఆక్సిజన్ నేరుగా చంపడం లేదని, మింగిన సూక్ష్మజీవి ఉన్న సంచిలోకి ఎలక్ట్రాన్లు ప్రవహించడం వల్ల ఏర్పడే విద్యుదావేశాన్ని సరిచేయడానికి పొటాషియం వచ్చిచేరుతుందని, అది ఎంజైములను బంధం నుంచి విడిపిస్తుందని ఆయన వాదించారు.

అభ్యంతరాలు గట్టిగానే వచ్చాయి. ఆవేశాన్ని సరిచేసేది ముఖ్యంగా పొరలో ప్రోటాన్లను దాటనిచ్చే ప్రోటాన్ మార్గాలేనని ఒక వర్గం అంది. పాపియోన్-లెఫెవ్ర్ అనే అరుదైన వంశపారంపర్య వ్యాధి ఉన్న రోగుల న్యూట్రోఫిల్స్‌లో ఈ ఎంజైములు దాదాపు ఉండవు, అయినా అవి స్టెఫైలోకాకస్ అనే బాక్టీరియాను చంపుతున్నాయని మరొకరు చూపారు. ఈ రెండవ అభ్యంతరం బలమైనదని నా అభిప్రాయం, ఎందుకంటే అది ఎలుకల మీద కాక మనుషుల్లో చేసిన పరిశీలన. మరోవైపు, పెరాక్సైడ్ నుంచి హైపోక్లోరస్ ఆమ్లాన్ని తయారుచేసే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము లోపించినవారిలో అత్యధికులు ఆరోగ్యంగానే బతుకుతున్నారన్న వాస్తవం పాత సిద్ధాంతాన్నీ ఇబ్బంది పెడుతూనే ఉంది.

మొదటి అభ్యంతరానికి సీగల్ ఇచ్చిన జవాబు మళ్లీ ప్రయోగమే. బృందంతో కలిసి ప్రోటాన్ మార్గం లేని ఎలుకల కణాలను, మనుషుల కణాలను పరీక్షించి, మింగిన సూక్ష్మజీవి చుట్టూ ఉండే సంచిలో పీహెచ్‌ను కొలిచారు. 2015లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం మానవ న్యూట్రోఫిల్ సంచిలో పీహెచ్ దాదాపు 9 వరకు చేరుతుంది, ప్రోటాన్ మార్గం లేని ఎలుకల్లో అంతకంటే పైకి పోతుంది. అంత క్షారస్థితిలో మైలోపెరాక్సిడేజ్ హైపోక్లోరస్ ఆమ్ల తయారీ బాగా తగ్గిపోతుందని ఆయన బృందం అదే పత్రంలో చూపింది.