ఒక్క రాత్రి వాన, నెల మొత్తం లెక్క: 2020 అక్టోబర్ హైదరాబాద్

[తెర: బేగంపేట. కింద అక్షరాలు: 2020 అక్టోబర్ 14, ఉదయం 8:30]

వాయిస్: ఆ రోజు పొద్దున ఎనిమిదిన్నరకి బేగంపేటలో వాన కొలిస్తే వచ్చిన అంకె 191.8 మిల్లీమీటర్లు. అదంతా ఇరవై నాలుగు గంటల్లో పడిన వాన. హైదరాబాద్‌లో అక్టోబర్ నెల మొత్తానికి సగటు వందకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. నెల కోటా ఒకటి, దాని మీద దాదాపు ఇంకో నెల కోటా, రెండూ కలిసి ఒక్క రోజులో పడిపోయాయన్నమాట. అక్టోబర్‌లో ఇక్కడ ఒక్క రోజు వానకి అంతకుముందున్న రికార్డు 117.1. అది 1903 అక్టోబర్ 6 నాటిది.

నెలాఖరుకి వాతావరణ శాఖ రిపోర్టు వస్తుంది. "సగటు కన్నా ఇంత శాతం ఎక్కువ" అని ఒక్క ముక్క. లెక్క ప్రకారం అది కరెక్టే. కానీ ఆ ముక్క చదివి నెలంతా జోరుగా వానలు పడ్డాయనుకుంటే మాత్రం బోల్తా పడతాం. ఆ శాతం వెనక ఏముందో ఇవాళ విప్పి చూద్దాం.

[తెర: ఖాళీ చతురస్రం, పక్కన "1 మీటరు × 1 మీటరు". అందులోకి నీళ్లు పోస్తారు]

ముందు మిల్లీమీటరంటే ఎంతో చూద్దాం. చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్లు పోస్తే, అవి ఎటూ పోకుండా నిలిస్తే, ఎత్తు ఒక మిల్లీమీటరు. రెండొందల గజాల ప్లాటు అంటే సుమారు 167 చదరపు మీటర్లు. దాని మీద 191.8 మిల్లీమీటర్లు పడితే ముప్పై రెండు వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఆరు తెచ్చి గుమ్మరించినా ఇంకా రెండు వేల లీటర్లు తక్కువే. అదీ ఒక్క ఇంటికి. పక్కింటి నీళ్లు, పై వీధి నీళ్లు కూడా మన సెల్లారు వెతుక్కుంటూనే వస్తాయి కదా, ఆ లెక్క వేరే.

[తెర: వాన లెక్కల పట్టిక. 13వ తేదీ గడి, 14వ తేదీ గడి పక్కపక్కనే]

ఇక్కడో తిరకాసుంది. ఆ కుండపోత చాలామటుకు 13 సాయంత్రం, రాత్రి పడింది. రికార్డులో మాత్రం 14వ తేదీ కింద కనబడుతుంది. వాతావరణ శాఖకి వాన రోజు ముగిసేది పొద్దున ఎనిమిదిన్నరకి, అర్ధరాత్రికి కాదు. ముందు రోజు ఎనిమిదిన్నర నుంచి పడిందంతా ఆ తేదీ ఖాతాలోకే వెళ్తుంది. ఈ లెక్కన సెప్టెంబర్ 30 సాయంత్రం పడిన వాన అక్టోబర్ నెలకి జమ అవుతుంది. "మా ఏరియాలో ఆ రోజు చుక్క పడలేదు, మీరేమో వాన అంటారు" అని కామెంట్లలో తగువు పెట్టుకునేవాళ్లు ముందు ఈ టైము చూసుకోండి. సగం తగువులు ఇక్కడే తేలిపోతాయి.

[తెర: బంగాళాఖాతం నుంచి పడమరకు కదిలే బాణం. కాకినాడ, హైదరాబాద్ గుర్తులు]

అసలు అక్టోబర్‌లో అంత వాన ఎక్కడిది? కార్తెల్లో చెప్పుకుంటే అది చిత్త కార్తె. నైరుతి వెనక్కి మళ్లే రోజులు. మామూలుగా ఆకాశం తేటపడుతూ ఉంటుంది. కానీ బంగాళాఖాతం ఊరుకోదు. 13 పొద్దున తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. దాటాక బలహీనపడుతూనే తెలంగాణ మీదుగా పడమరకు సాగింది. దారిలో మన సిటీ. ఆ రాత్రే హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తారు. పల్లె చెరువు పొంగి కింది బస్తీల మీద పడింది. తేరుకునేలోపే 17న మళ్లీ దంచింది, ఈసారి గుర్రం చెరువు కట్ట తెగింది.

అక్టోబర్ సగటు ఎప్పుడూ నిలకడగా ఉండకపోవడానికి కారణం ఇదే. జులై, ఆగస్టు వానలు ఎక్కువ రోజుల మీద పరుచుకుంటాయి. అక్టోబర్ వాన మాత్రం బంగాళాఖాతంలో పుట్టిన ఏదో ఒక వాయుగుండం మనవైపు తిరిగిందా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. తిరిగితే వరద, తిరగకపోతే పొడి నెల. ఆ రెంటినీ కలిపి సగటు తీస్తే వచ్చే వంద మిల్లీమీటర్లు ఏ అక్టోబర్‌నీ పోలి ఉండవు. పైగా కొన్ని పెద్ద వానల సంవత్సరాలు సగటుని పైకి లాగుతాయి కాబట్టి, ఎక్కువ అక్టోబర్లు సగటు కన్నా తక్కువలోనే ముగుస్తాయి. "ఈసారి సగటు రాలేదు" అన్న వార్త చూసి కంగారు పడే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

[తెర: జిల్లాల మ్యాపు. ముదురు నీలం, లేత నీలం, ఆకుపచ్చ, ఎరుపు, పసుపు రంగులు]

శాఖ మ్యాపులో రంగులు గబగబా. సగటుకి 19 శాతం పైనా, 19 శాతం కిందా ఉన్నంతవరకు సాధారణం, ఆకుపచ్చ. 20 నుంచి 59 శాతం ఎక్కువైతే అధికం, 60 దాటితే అత్యధికం. కిందికి కూడా అవే హద్దులు. 20 శాతం తగ్గితే లోటు, ఎరుపు. 60 తగ్గితే తీవ్ర లోటు, దానికి పసుపు. అవును, ఎరుపు కన్నా పసుపే అధ్వానం. ఎవరు పెట్టారో గానీ ప్రతిసారీ తికమకే.

వానకి 20 శాతం తేడా మామూలు విషయం. ఎండలతో అలా కాదు. ఒక నెల మొత్తం మీద సగటు పగటి ఉష్ణోగ్రత రెండు డిగ్రీలు ఎక్కువ నమోదైతే అది చాలా పెద్ద మాట. వినడానికి మాత్రం "రెండు డిగ్రీలేగా" అనిపిస్తుంది. వానకి శాతాలు, ఎండకి డిగ్రీలు. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

[తెర: బేగంపేట 191.8 పక్కన సింగపూర్ టౌన్‌షిప్ 320]

ఇంకో సంగతి. అదే ఇరవై నాలుగు గంటల్లో ఘట్‌కేసర్ వైపు సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్లు, అంటే 320 మిల్లీమీటర్లు పడింది. బేగంపేట నుంచి పాతిక కిలోమీటర్ల లోపే. "హైదరాబాద్ వాన" అని ఒక్క అంకె చెబితే మరి అది ఏ హైదరాబాద్? ఈ మధ్య ఆటోమేటిక్ స్టేషన్లు చాలా వచ్చాయి, మీ కాలనీ వాన ఎంతో అవి చెబుతాయి. పోల్చుకోవడానికి మాత్రం ముప్పై ఏళ్ల రికార్డు కావాలి. అది బేగంపేట లాంటి పాత కేంద్రాల దగ్గరే ఉంది.

[తెర: రెండు నిలువు గీతలు. జులై 2023, ఆగస్టు 2023]

నెల లెక్క దాచిపెట్టేదాన్ని సీజన్ లెక్క ఇంకా బాగా దాస్తుంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడి తెలంగాణ రికార్డు బద్దలైంది. మరుసటి నెల ఆగస్టులో దేశం మొత్తం మీద 36 శాతం లోటు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత ఎండిన ఆగస్టు లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలలూ కలిపి చూస్తే లోటు ఆరు శాతమే. ఆగస్టులో మొక్క వాడిపోయిన రైతుకి ఆ ఆరు శాతం ఎలా చూపిస్తాం?

[తెర: 1991 నుంచి 2020 దాకా కాలరేఖ. రెండు చుక్కలు వెలుగుతాయి: 2000 ఆగస్టు, 2020 అక్టోబర్]

ఇక అసలు మజా. సగటు అంటే ఏ ఏళ్ల సగటు? బేగంపేట లాంటి కేంద్రాలకి ఇప్పుడు వాడే ముప్పై ఏళ్ల లెక్క 1991 నుంచి 2020 వరకు. అంటే మనం చెప్పుకున్న రాత్రి కూడా అందులోనే ఉంది. 191.8ని ముప్పైతో భాగించండి, 6.4 వస్తుంది. ఆ ఒక్క రోజే అక్టోబర్ సగటుకి ఆరు మిల్లీమీటర్లకు పైగా కలిపింది. ఇటు 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరద చూడండి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టించిన వరద అది. ఇవాళ్టి సగటులో దాని చుక్క కూడా లేదు.

2000 ఆగస్టు 24న బేగంపేటలో 241.5 మిల్లీమీటర్లు పడింది. ముప్పైతో భాగిస్తే ఎనిమిది. పదేళ్లకోసారి ఈ ముప్పై ఏళ్ల కిటికీ ముందుకు జరుగుతుంది. 2001 నుంచి 2030 లెక్క వచ్చేసరికి ఆ రోజు బయటికి పోతుంది, 2020 అక్టోబర్ లోపలే ఉంటుంది. మిగతా అంతా ఇలాగే ఉన్నా, ఆ ఒక్క రోజు పోయినందుకే ఆగస్టు సగటు ఎనిమిది మిల్లీమీటర్లు దిగాలి. అప్పుడు ఇవాళ్టి లెక్కలో సరిగ్గా సగటు వాన పడిన ఆగస్టు కూడా, చుక్క ఎక్కువ కురవకుండానే, రిపోర్టులో "సగటు కన్నా ఎక్కువ" అని వస్తుంది.