బండి దొరికింది, నడిపిందెవరు?

(బరంపురం స్టూడియోలో రికార్డు చేసిన చర్చ. పాల్గొన్నవారు: ఒడిశా పోలీసులో ఐఐసీగా, అంటే స్టేషన్ ఇన్‌చార్జిగా చేసి రిటైరైన అధికారి; మోటారు ప్రమాదాల కేసులు చూసే లాయరు; గోళంతర దగ్గర డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు నడిపే మేస్త్రి; తమ్ముణ్ణి పోగొట్టుకున్న రిటైర్డ్ టీచరు. వాళ్లు అడిగినందువల్ల పేర్లు వేయడం లేదు.)

యాంకర్: నమస్కారం. మన హైవే మీద రాత్రి రెండింటికి ఒక లారీ ఎవరినో గుద్దేసి ఆగకుండా పోయిందనుకోండి. కాసేపట్లో గిరిసోల దాటి ఇచ్ఛాపురంలో ఉంటుంది. రాష్ట్రం మారింది, స్టేషన్ మారింది, ఎఫ్ఐఆర్ రాసే భాష కూడా మారింది. మాస్టారూ, మీతోనే మొదలుపెడతాను. ఇబ్బంది లేకపోతేనే.

టీచర్: ఇబ్బంది ఏముందమ్మా. పోయిన మాఘంలో, తెల్లవారుజామున. మా తమ్ముడు సైకిల్ మీద పాలు వేసేవాడు. నేను వెళ్లేసరికి రోడ్డు మీద నీళ్లు కొట్టి శుభ్రంగా ఊడ్చేశారు. చెడ్డబుద్ధితో కాదు, వచ్చే బండ్ల టైర్లలో గాజు దిగుతుందని. ఆ గాజు, పాలు, వాడి చెప్పు అన్నీ కలిపి తుప్పల్లోకి తోసేశారు. 'గుర్తు తెలియని వాహనం' అని రాశారు. ఇప్పటికీ అంతే ఉంది.

రిటైర్డ్ ఐఐసీ: ఆ చీపురే కేసుని చంపేసింది మాస్టారూ. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు కుర్ర ఎస్ఐలకి చెప్పేవాణ్ణి, ముందు చీపురు లాక్కోండి, తర్వాత పెన్ను తీయండి అని.

యాంకర్: మేస్త్రి గారూ, మీరేదో తెచ్చినట్టున్నారు.

మేస్త్రి: (బల్ల మీద అరచేయంత ప్లాస్టిక్ ముక్క పెట్టి) పాత హెడ్‌లైట్ అద్దం ముక్కండి, మా షెడ్డులోదే. కెమెరా కొంచెం దగ్గరికి తెండి. ఈ అంచున ఉబ్బెత్తుగా అక్షరాలు కనిపిస్తున్నాయా? కంపెనీ గుర్తు, దాని పక్కన నంబరు. ఇది చూస్తే ఏ మోడల్ బండిదో స్పేర్ పార్ట్స్ కొట్టువాడు చెప్పేస్తాడు. అయితే ఈ అంచు ముక్కే దొరకాలి. నడిమి ముక్క దొరికితే లాభం లేదు, అదంతా నున్నగా ఉంటుంది.

ఐఐసీ: రంగు కూడా చూస్తాం. లారీకి ఒక్కసారే రంగు పడదు. ప్రైమరు, కంపెనీ రంగు, ఓనర్ మారితే ఇంకో రంగు, పండక్కి మరొకటి. సైకిల్ హ్యాండిల్‌కి అంటిన చిన్న పెచ్చుని మైక్రోస్కోప్ కింద పెడితే ఉల్లిపొరల్లా కనిపిస్తాయి. అనుమానం ఉన్న బండి రంగులో కూడా పొరలు అదే వరసలో ఉంటే కేసు నిలబడుతుంది. అయితే దానికి ముందు బండి దొరకాలి కదా.

యాంకర్: దాన్ని పట్టుకునేదెలా? ఇప్పుడు ఫాస్టాగ్ ఉందిగా.

ఐఐసీ: ఉంది. 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి చేశారు. అది లేకముందు మేం టోల్‌గేటు రసీదు కట్టలు తిరగేసేవాళ్లం. ఇప్పుడు పని ఇలా ఉంటుంది. మనకి ఉత్తరాన గంజాం వైపు ఒక టోల్‌గేటు, దక్షిణాన ఇచ్ఛాపురం దగ్గర బెల్లుపడ టోల్‌గేటు. ప్రమాదం రెండింటి మధ్య. దక్షిణం వైపు పోతున్న బండి మొదటి గేటు ఎన్నింటికి దాటింది, రెండోది ఎన్నింటికి దాటింది అని లిస్టు తీస్తాం. గంటలో దాటాల్సిన బండికి రెండు గంటలు పట్టిందనుకోండి, మధ్యలో ఆగింది. అసలు రెండో గేటు దగ్గర కనపడనే లేదంటే పక్క రోడ్డులోకి దిగింది. నాకైతే ఈ కనపడని బండి మీదే అనుమానం ఎక్కువ.

లాయర్: టీ తాగడానికి ఆగినవాడు కూడా మీ లిస్టులో పడతాడు సార్.

ఐఐసీ: పడతాడమ్మా. అందుకే లిస్టు పట్టుకుని ధాబాలకి, పెట్రోల్ బంకులకి తిరుగుతాం. అక్కడ కెమెరాలుంటాయి. ఎక్కడా కనపడకపోతే ఈయన షెడ్డుకి వస్తాం.

మేస్త్రి: (నవ్వుతూ) వస్తారు. నిజం చెప్తానండి, మాకు తెలుస్తుంది. బంపర్‌కి గేదె తగిలితే సొట్ట ఒక రకంగా ఉంటుంది, చెట్టు తగిలితే మరో రకం. పొద్దున్నే వచ్చి 'బిల్లు వద్దు, సాయంత్రానికి అయిపోవాలి' అంటే ఎవరికైనా అనుమానం వస్తుంది. కానీ నోరు విప్పితే రేపట్నుంచి మా షెడ్డుకి లారీ ఎవడు తెస్తాడు? నేను ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. అది తప్పే.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

యాంకర్: నంబరు చూసినవాళ్లు ఉంటే పని సులువవుతుందా?

ఐఐసీ: కొంతవరకు. ఓడీ 07 అంటే గంజాం జిల్లా అని తెలుస్తుంది. ఆంధ్రాలో 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 ఇచ్చారు, జిల్లా తెలియదు. అయినా నంబరు సగం తెలిసినా, రంగు, బండి రకం కలిపి వాహన్ డేటాలో, అంటే దేశంలోని బండ్ల రిజిస్ట్రేషన్ రికార్డుల్లో, వెతికితే కొన్ని బండ్ల దగ్గరికి వస్తాం. కానీ అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. నంబరు ఓనర్ని చూపిస్తుంది. స్టీరింగ్ పట్టుకున్నవాణ్ణి చూపించదు.

లాయర్: అక్కడే 133 నోటీసు పనికొస్తుంది. మోటారు వాహనాల చట్టం 133 సెక్షన్ కింద పోలీసు అడిగితే, ఆ సమయంలో బండి నడిపిందెవరో, లైసెన్సు వివరాలేమిటో ఓనర్ చెప్పి తీరాలి. చెప్పకపోతే అదే ఒక నేరం.

ఐఐసీ: ఓనర్ చెప్తాడమ్మా. ఎవరి పేరు చెప్తాడన్నదే ప్రశ్న. నడిపినవాడికి లైసెన్సు లేకపోతే ఇన్సూరెన్సు దగ్గర ఇబ్బంది. అందుకని లైసెన్సు ఉన్న ఇంకోణ్ణి పంపిస్తారు. ఇలాగే ఒకతను వచ్చి 'నేనే నడిపాను సార్' అని కూర్చున్నాడు. టీ ఇప్పించి, హ్యాండ్‌బ్రేక్ ఎక్కడుంటుంది బాబూ అన్నాను. సీటు పక్కన కిందకి చూపించాడు. ఆ మోడల్‌కి అది డాష్‌బోర్డు మీద ఉంటుంది. ఇంకేం అడగలేదు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకి వెళ్లి ఆ ట్రిప్పుకి బత్తా ఎవరి పేరున రాశారో చూశాను. డీజిల్ డబ్బు ఏ ఫోన్ నుంచి పోయిందో చూశాను. ఆ ఫోన్ రాత్రంతా లారీతో పాటే టవర్లు మారుతూ పోయింది. లొంగిపోయినవాడి ఫోన్ మాత్రం ఇంట్లోనే పడుకుంది.

యాంకర్: ఇచ్ఛాపురం నుంచి ఒక లారీ డ్రైవర్ ఫోన్‌లో ఉన్నారు. చెప్పండి అన్నా.

ఫోన్‌లో డ్రైవర్: అందరూ పారిపోతారు అంటారు మేడమ్. ఆగితే ఏమవుతుందో ఎవరూ చెప్పరు. జనం ముందు కొడతారు, తర్వాత తప్పెవరిదో అడుగుతారు. మా వాడు ఒకడు ఆగాడు, ఇప్పటికీ ఎడమ చెవి వినపడదు. పదేళ్ల జైలు అన్నారనే కదా అప్పుడు సమ్మె చేశాం.

లాయర్: అన్నా, గుద్ది, ఎవరికీ చెప్పకుండా పారిపోతే పదేళ్లన్న ఆ సంగతి, ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ రెండో భాగంలో ఉంది. 2024 జనవరిలో మీ సమ్మె తర్వాత దాన్ని పక్కన పెట్టారు. ఆ జులై 1న ఆ చట్టం అమల్లోకి వచ్చినా ఆ ముక్కని మాత్రం అమలు చేయలేదు. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే అయిదేళ్ల దాకా శిక్ష, అది ఉంది. ఇంకో మాట. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌లో చట్టమే ఒప్పుకుంది, గుంపు కోపం వల్ల ఆగి సాయం చేయడం వీలు కాకపోవచ్చని. అక్కడ ఆగకండి సరే. 112కి ఫోన్ చేయండి, ముందున్న ఏ స్టేషన్‌కైనా వెళ్లండి. ఆంధ్రా స్టేషనైనా పర్వాలేదు.

ఫోన్‌లో డ్రైవర్: స్టేషన్‌కి వెళ్తే బండి ఎన్నాళ్లు ఆపుతారో... సరే మేడమ్.

(లైన్ కట్ అయింది. ఆయన అడిగినదానికి మా దగ్గర సూటి జవాబు లేదు.)

యాంకర్: మరి బండే దొరకకపోతే? మాస్టారి లాంటివాళ్ల గతేంటి?

లాయర్: చట్టం దృష్టిలో అసలైన హిట్ అండ్ రన్ అదే. డ్రైవర్ పారిపోవడం కాదు, ఎంత వెతికినా బండి ఏదో తెలియకపోవడం. 2022లో దేశంలో ఇలాంటి ప్రమాదాలు 67,387. చనిపోయినవాళ్లు 30,486 మంది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు పరిహారం ఇస్తున్నారు. అంతకుముందు 25 వేలు, 12,500.

టీచర్: మాకు ఎవరూ చెప్పలేదే.

లాయర్: చెప్పాలి మాస్టారూ. 2024 జనవరి 12న సుప్రీంకోర్టు ఆర్డరు వేసింది. నెల రోజుల్లో బండి వివరాలు తెలియకపోతే, ఈ పరిహారం ఉందని స్టేషన్ అధికారే బాధితుల కుటుంబానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. అంతకుముందు అయిదేళ్లలో దేశం మొత్తం మీద పరిహారం అందింది 660 మరణాలకి, 113 గాయాలకి. ఇందాక చెప్పిన 30 వేలు ఒక్క ఏడాది లెక్క.

ఐఐసీ: (నెమ్మదిగా) నేనూ ఎవరికీ రాయలేదమ్మా. నా రోజుల్లో అది పాతిక వేలే, అయినా రాయాల్సింది. కేసు క్లోజ్ అయితే ఫైలు బరువు తగ్గిందనుకునేవాళ్లం.

టీచర్: దరఖాస్తు ఎవరికివ్వాలి?

లాయర్: ఫారం 1. రెవెన్యూ వాళ్ల దగ్గర, సబ్‌కలెక్టరో తహసీల్దారో క్లెయిమ్ విచారణాధికారిగా ఉంటారు. వాళ్లు విచారించి కలెక్టరుకి పంపుతారు. మీ మరదలి పేరు మీద పెట్టాలి. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు ఉన్నాయా?

టీచర్: ఉన్నాయి. అన్నీ ఒడియాలోనే. ఆమెకి తెలుగే సరిగ్గా చదవడం రాదు.

లాయర్: నేను చదువుతాను. సోమవారం పట్రండి. బ్యాంకు పాస్‌బుక్కు కూడా.

మేస్త్రి: మాస్టారూ, ఆ తుప్పలు... తర్వాత ఎవరైనా నరికించారా?

టీచర్: లేదనుకుంటా. ఎందుకు?

మేస్త్రి: ప్లాస్టిక్ కుళ్లదండి. నేనూ వస్తాను, పొద్దున్నే వెళ్లి చూద్దాం.

ఐఐసీ: ముక్క కనిపిస్తే మీరు ముట్టుకోవద్దు. అక్కణ్ణుంచే స్టేషన్‌కి ఫోన్ చేయండి. ఆగండి, నేనూ వస్తాను.